అదుపు తప్పించే విషాలు: బాక్టీరియా టాక్సిన్లు మనిషి కణాల ఎంజైములను ఏం చేస్తాయి?

రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే ప్రయోగశాలల్లో ఎంసీఎఫ్-10ఏ కణాలు తెలియనివారుండరు. మనిషి రొమ్ము గ్రంథి నుంచి వచ్చిన కణాలివి. క్యాన్సర్ కణాలు కావు గనుక, పోల్చి చూడటానికి వీటిని అన్నిచోట్లా పెంచుతారు. వీటికి పోసే పోషక ద్రవంలో గుర్రం సీరం, ఇన్సులిన్, హైడ్రోకార్టిసోన్‌తో పాటు మరొకటి కూడా పడాలి. అది కలరా టాక్సిన్, మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు. ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిన గత్తర విషం ఇక్కడ బలం మందు. అది కలిస్తే ఈ కణాలు చావవు సరికదా, ఇంకా ఏపుగా పెరుగుతాయి. మనిషి చర్మ కణాల్లో ఈ సంగతిని హోవర్డ్ గ్రీన్ 1978లోనే చూపించాడు.

విషమంటే చంపేది అనుకునేవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. కానీ అరవై డెబ్బై ఏళ్లుగా పోగుపడిన ఫలితాలను ఒక్కచోట పెట్టి చూస్తే ఇందులో వింతేమీ కనిపించదు. బాక్టీరియా టాక్సిన్లలో ఎంజైమును నేరుగా నరికేసేవి కొన్నే. ఎక్కువ భాగం చేసేది ఎంజైము మీద కణానికున్న అదుపును తప్పించడం. ఆగాల్సిన చోట ఆగనివ్వవు, లేదా కదలాల్సిన చోట కదలనివ్వవు. అలా తప్పిన అదుపు చావుకు దారితీస్తుందా, విరేచనాలకా, పెరుగుదలకా అన్నది విషాన్ని బట్టి ఎంత ఉంటుందో, ఆ విషం ఏ కణం మీద పడిందన్న దాన్ని బట్టీ అంతే ఉంటుంది. మొదటి సంగతి మీద రాశులకొద్దీ పత్రాలున్నాయి. రెండోదాన్ని మాత్రం చాలామంది ‘పద్ధతులు’ అన్న భాగంలో ఒక్క వాక్యంతో సరిపెడతారు.

కలరా కథే ముందు చెప్పుకోవాలి. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించిన రాబర్ట్ కోచ్, జబ్బుకు కారణం ఆ క్రిమి విడిచే విషమని ఊహించాడు. దాన్ని రుజువు చేయడానికి 75 ఏళ్లు పట్టింది. అదే నగరంలో శంభునాథ్ దే కుందేలు పేగును అక్కడక్కడ దారంతో కట్టి, ఒక ముడికీ ఇంకో ముడికీ మధ్య కలరా క్రిములను పెంచిన ద్రవం ఎక్కించాడు. ఆ ద్రవాన్ని ముందే వడగట్టాడు కాబట్టి అందులో ఒక్క క్రిమీ లేదు. అయినా పేగు నీటితో ఉబ్బింది. 1959లో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన ఆ పత్రం రెండు పేజీలైనా నిండదు. ప్రయోగశాల హంగులు అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో ఇంత శుభ్రమైన రుజువు చూపినవాడికి దేశంలో దక్కాల్సినంత పేరు దక్కలేదు.

విషం ఉందని తేలింది గానీ అది ముట్టుకునేదేమిటో తెలియడానికి ఇంకో పదేళ్లకు పైనే పట్టింది. 1970ల మొదట్లో చూపు అడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైము మీద పడింది. అది ఏటీపీని తీసుకుని సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వేరుచేసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు.

కలరా టాక్సిన్ సైక్లేజ్‌ను నేరుగా తాకదు. దాన్ని నడిపించే జీఎస్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. జీఎస్ తనకు అంటుకున్న జీటీపీని తానే కోసుకుని, కాసేపటికి తానే ఆగిపోతుంది. ట్యాంకు నిండగానే బోరు మోటారును కట్టేసే ఆటోమేటిక్ స్విచ్ లాంటి ఏర్పాటు అది. టాక్సిన్ వచ్చి కణంలోని ఎన్ఏడీ నుంచి ఏడీపీ-రైబోజ్ అనే తునకను తెంచి, జీఎస్‌లో 201వ స్థానంలో ఉన్న ఆర్జినిన్‌కు అతికిస్తుంది. స్విచ్ అక్కడే పాడవుతుంది, మోటారు ఆగదు. సైక్లిక్ ఏఎంపీ పొంగిపోతుంది. పేగు కణంలోనైతే క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుని ఉప్పూ నీళ్లూ బయటికి పోతాయి. పేగులో గ్లూకోజుతో కలిపి సోడియాన్ని పీల్చే మార్గం జోలికి మాత్రం ఈ విషం పోదు. ఓఆర్ఎస్ ద్రవం ప్రాణాలు కాపాడుతున్నది ఆ మార్గం గుండానే.

కణ వర్ధనాల్లో కనిపించిన ఒక చిన్న చిక్కు ఇక్కడ పెద్ద పాఠం నేర్పింది. బతికున్న కణాల మీద కలరా టాక్సిన్ పోస్తే సైక్లిక్ ఏఎంపీ వెంటనే పెరగదు. పావుగంట నుంచి గంట దాకా ఏమీ జరగదు. 1975 ప్రాంతంలో మైఖేల్ గిల్ పావురం ఎర్ర రక్తకణాలను పగలగొట్టి ఆ రసంలో టాక్సిన్ కలిపి చూస్తే ఆలస్యమే లేదు. ఎన్ఏడీ ఉంటే చాలు, పని మొదలైపోయింది. అంటే ఆ గంటా ఎంజైము పనికి పట్టే సమయం కాదు, ప్రయాణానికి పట్టే సమయం. టాక్సిన్ కణం పైపొరలో జీఎం1 అనే కొవ్వును అంటుకుని, లోపలికి వెళ్లి, గోల్జీ మీదుగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దాకా వెనక్కి నడిచి, అక్కడినుంచి ఒక్క ఏ1 ముక్క మాత్రం విప్పుకుని కణద్రవంలోకి జారుతుంది. అలా జారే చెత్త ప్రోటీన్లను కణం లైసిన్ల దగ్గర గుర్తుపెట్టి ధ్వంసం చేస్తుంది. ఏ1 ముక్కలో లైసిన్లు రెండే రెండు. అందుకే అది కణం కళ్లుగప్పగలుగుతోందని ఒక వాదన ఉంది.

కోరింత దగ్గు విషం ఇదే పనిని తిరగేసి చేస్తుంది. సైక్లేజ్‌ను ఆపాల్సిన జీఐ ప్రోటీన్‌కు అదే ఏడీపీ-రైబోజ్‌ను అంటించి దాని నోరు మూయిస్తుంది. జపాన్‌లో మిచియో ఉయి, తోషియాకి కటాడా దీన్ని మొదట చూసింది దగ్గు కోణం నుంచి కాదు. క్లోమంలోని ఇన్సులిన్ కణాలను రెచ్చగొట్టే ప్రోటీన్‌గా వాళ్లకు అది దొరికింది. జీ ప్రోటీన్లకు గాను 1994లో గిల్మన్, రాడ్‌బెల్‌లకు నోబెల్ వచ్చింది. ఆ ప్రోటీన్లను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూడటానికి ఈ రెండు విషాలు ఎంతగా అక్కరకొచ్చాయో ఆ కాలపు పత్రాలు తిరగేస్తే తెలుస్తుంది. నేటికీ ‘ఈ సంకేతం జీఐ ద్వారానే వెళుతోందా’ అన్న అనుమానం వస్తే పరిశోధకులు ముందు తీసేది కోరింత దగ్గు టాక్సిన్ సీసానే.

కంఠసర్పి, అంటే డిఫ్తీరియా దగ్గరికి వచ్చేసరికి కథలోకి మనిషి కణం తిన్నగా దిగుతుంది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి పుట్టిన హీలా కణాలు 1950ల చివరికల్లా ఎన్నో ప్రయోగశాలలకు చేరాయి. 1959లో స్ట్రాస్, హెండీ వాటి మీద డిఫ్తీరియా టాక్సిన్ పోసి, కణాల్లో కొత్త ప్రోటీన్ల తయారీ ఆగిపోతోందని చూపారు. 1964లో కోలియర్, పాపెన్‌హైమర్ దీనికి ఎన్ఏడీ కావాలని కనిపెట్టారు. 1968లో జపాన్ జట్టు అసలు చర్యను పట్టింది. ప్రోటీన్ తయారీని ముందుకు నెట్టే ఈఎఫ్-2 అనే భాగానికి ఏడీపీ-రైబోజ్ అతుక్కుంటోంది. అది అతుక్కునే చోటు కూడా మామూలుది కాదు. హిస్టిడిన్‌ను కణం ప్రత్యేకంగా మార్చి చేసుకున్న డిఫ్తమైడ్ అది. ఈఎఫ్-2లో ఒక్కచోటే ఉంటుంది.

ఎంత విషం కావాలి? 1978లో యమైజుమి, ఆయన సహచరులు దీనికి కచ్చితమైన జవాబు రాబట్టారు. ఎలుక ఎల్ కణాల పైన ఈ టాక్సిన్‌కు సరిపడే గ్రాహకం ఉండదు కాబట్టి బయట పోస్తే వాటికేం కాదు. వాళ్లు టాక్సిన్‌లోని ఎంజైము ముక్కను, అంటే ఏ ముక్కను, లోపలి సరుకు ఖాళీ చేసిన ఎర్ర రక్తకణాల సంచుల్లోకి వివిధ పాళ్లలో నింపారు. మెరిసే రంగు ప్రోటీన్‌ను కూడా కలిపారు. సెండాయ్ వైరస్ సాయంతో ఆ సంచులను ఎల్ కణాలతో కలిపేసి, మెరిసిన కణాలను యంత్రంతో ఏరి, ఏవి బతికాయో లెక్కపెట్టారు. సగటున ఒక్క అణువు చేరిన కణమూ చచ్చింది. ఎంజైముగా బలహీనపడిన ఉత్పరివర్తన ముక్కనైతే ఎన్నో రెట్లు ఎక్కువ పోయాల్సి వచ్చింది. చంపుతున్నది ముక్క కాదు, దాని ఎంజైము పని అని అలా తేలింది. హైదరాబాద్‌లో కోరంటి ఆసుపత్రి అని జనం పిలుచుకునే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి టీకా అందని డిఫ్తీరియా పిల్లలు ఇటీవలి దశాబ్దాల్లోనూ వచ్చారు. వాళ్ల గొంతులో, గుండెలో జరిగేది ఇదే చర్య.

ఇంకో రకం విషాలు కణంలోని ఎంజైమును కదిలించే పనే పెట్టుకోవు. సొంత ఎంజైమును వెంట తెచ్చుకుంటాయి. ఆంత్రాక్స్‌లో ఎడిమా ఫ్యాక్టర్ స్వయంగా ఒక అడినైలేట్ సైక్లేజ్ అని 1982లో స్టీఫెన్ లెప్లా చూపాడు. చిత్రమేమంటే బాక్టీరియాలో అది దాదాపు చచ్చినట్టే పడుంటుంది. మన కణాల్లో ఉండే కాల్మాడ్యులిన్ తగిలితేనే లేస్తుంది. కోరింత దగ్గు క్రిమి దగ్గరా ఇలాంటి సైక్లేజ్ ఇంకొకటుంది. అది మనిషి తెల్లకణాల్లోకి దూరి, క్రిములను చంపే వాటి శక్తిని ఊడగొడుతుందని అదే ఏడు అచ్చయింది.

ఆంత్రాక్స్‌లోని రెండో విషం లీథల్ ఫ్యాక్టర్ ఏం చేస్తుందో ఎలా దొరికిందన్నది ఈ రంగంలో అన్నిటికంటే ఆసక్తికరమైన కథ. జింకు పట్టుకునే ప్రోటీన్ కోత ఎంజైము ఆనవాళ్లు దానిలో ఉన్నాయి గానీ అది కోసేది ఎవరినో తెలియలేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ దగ్గర 60 రకాల మనిషి కణితి కణాల వరస ఉంది. వేల మందులను ఆ అరవై మీదా పోసి, ఏ మందు ఏ కణాన్ని ఎంత ఆపిందో పట్టికలు కట్టారు. డ్యూస్‌బెరీ జట్టు లీథల్ ఫ్యాక్టర్‌నూ ఆ అరవై మీద పోసి, వచ్చిన పట్టికను పాత పట్టికలతో సరిచూసింది. పీడీ98059 అనే రసాయనం పట్టికతో అది సరిపోలింది. ఆ రసాయనం మెక్ అనే ఎంజైమును ఆపుతుందని అప్పటికే తెలుసు. వెళ్లి చూస్తే లీథల్ ఫ్యాక్టర్ మెక్ కొనను కోసేస్తోంది. 1998లో ‘సైన్స్’లో వచ్చిన ఈ ఫలితానికి ఒక్క ఎలుకా అక్కర్లేకపోయింది. కణ వర్ధనం చేయగల గొప్ప పనికి ఇదొక నమూనా.

కానీ అదే విషం కణ వర్ధనం ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో కూడా చూపింది. కొన్ని జాతుల ఎలుకల మాక్రోఫేజ్ కణాల మీద ఈ విషం పోస్తే కొద్ది గంటల్లో పేలిపోతాయి. ‘ఆంత్రాక్స్ ఇలా చంపుతుంది’ అని ఏళ్ల తరబడి అదే పట్టుకుని రాశారు. తీరా చూస్తే ఆ పేలుడు మెక్ కోత వల్ల వచ్చింది కాదు. ఎలుకల్లోని ఎన్ఎల్ఆర్‌పీ1బీ అనే ప్రోటీన్‌ను ఆ విషం కోయడం వల్ల. మనిషి కణాల్లో ఉండే ఆ ప్రోటీన్ బంధువును లీథల్ ఫ్యాక్టర్ కోయదు. మనిషి మాక్రోఫేజ్‌లలో మెక్ తెగుతుంది, సంకేతాలు అణగుతాయి, కణం మాత్రం ఆ తీరున పేలిపోదు. మెక్ మీదే ఆధారపడి బతికే మెలనోమా కణాలు మాత్రం చస్తాయి. విశాఖ మన్యంలో దొమ్మతో, అంటే ఆంత్రాక్స్‌తో చచ్చిన పశువును కోసిన గిరిజనుల చేతుల మీద లేచే నల్ల పుండ్లకు ఆ ఎలుక కణాల పేలుడు ఏ మేరకు వర్తిస్తుందన్నది అంత తేలిగ్గా తేలే ప్రశ్న కాదు.

రో అనే చిన్న జీటీపేజ్ ఎంజైముల చుట్టూ ఎంత రద్దీ ఉందో చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. కణం ఆకారాన్ని నిలబెట్టే నార అంతా వీటి అదుపులో ఉంటుంది. యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే పెద్దపేగు వాపుకు కారణమైన క్లాస్ట్రిడియం డిఫిసైల్ విషాలు రోలోని 37వ త్రియోనిన్‌కు గ్లూకోజ్ అతికించి దాన్ని పడుకోబెడతాయని 1995లో యూస్ట్, అక్టోరిస్ చూపారు. సూక్ష్మదర్శిని కింద ఇది ఎవరికైనా కనబడుతుంది. పళ్లెం అడుగున పరుచుకున్న కణాలు అంచులు ముడుచుకుని, సన్నటి పోగులు మాత్రం అంటిపెట్టుకుని, గుండ్రటి పూసల్లా మిగులుతాయి. రోగి మలం వడగట్టిన నీటితో ఈ గుండ్రపు మార్పు వచ్చి, విరుగుడు సీరం కలిపితే రాకపోతే రోగ నిర్ధారణ అయినట్టే. ఈకొలై వదిలే సీఎన్ఎఫ్1 దీనికి పూర్తిగా ఎదురు. 63వ గ్లుటమిన్‌ను గ్లుటమేట్‌గా మార్చి రోను ఆగకుండా నడిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తామే ఎంజైములు. కానివీ ఉన్నాయి. వాటి మీద దృష్టి తక్కువ పడింది. ఈకొలై వదిలే ఎస్‌టీఏ కేవలం ఒక పొట్టి పెప్టైడ్. అది పేగు కణం పైనున్న గ్వానైలేట్ సైక్లేజ్-సీ అనే ఎంజైముకు అంటుకుని సైక్లిక్ జీఎంపీని పెంచుతుంది. 1992లో మన పేగే గ్వానిలిన్ అనే తన సొంత పెప్టైడ్‌తో ఈ ఎంజైమును నడుపుతుందని తెలిసింది. అంటే విషం దాన్ని అనుకరిస్తోంది. నార్వేలో ఒక కుటుంబంలో 32 మందికి ఎడతెగని విరేచనాలుండేవి. వెతికితే ఈ ఎంజైమునే ఎక్కువ పనిచేయించే మార్పు వాళ్ల జన్యువులో దొరికింది. 2012లో అచ్చయిన ఆ పరిశోధనలో బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ల చేయి కూడా ఉంది. అదే ఏడాది మలబద్ధకానికి లినాక్లోటైడ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ అణువు ఎస్‌టీఏ పోలికలోనే కట్టింది. పసిపిల్లలను ఎండగట్టే విషం పెద్దల కడుపుకు మందైంది.

స్టాఫిలోకాకస్ ఆరియస్ ఆల్ఫా టాక్సిన్ కణం పైపొరకు బెజ్జం వేస్తుందని చాలాకాలంగా తెలుసు. 2010 తర్వాత తెలిసింది ఇంకొకటుంది. అది అంటుకునేది ఏడీఏఎం10 అనే మన కోత ఎంజైముకే. అంటుకుని దాన్ని ఉరకలెత్తిస్తుంది. అప్పుడది కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్‌ను కోసేస్తుంది. కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ లేదా ఎల్‌పీఎస్ సంగతి మరీ విచిత్రం. అది ప్రోటీనే కాదు. అయినా మనిషి కణంలో క్యాస్పేస్-4 అనే ఎంజైముకు మధ్యవర్తి లేకుండా అంటుకుని దాన్ని లేపుతుందని 2014లో చైనా జట్టొకటి చూపింది.

చాలా పత్రాల విలువ తగ్గేది కూడా ఈ ఎల్‌పీఎస్ దగ్గరే. టాక్సిన్‌ను ఈకొలైలో తయారుచేసి శుద్ధి చేసినప్పుడు ఎల్‌పీఎస్ తోక పట్టుకుని వస్తుంది. టీహెచ్‌పీ-1 వంటి మనిషి మోనోసైట్ కణాల మీద పోస్తే పాత్రలో కనిపించే ఎంజైము మార్పు టాక్సిన్‌దో, మురికిదో చెప్పలేం. హెచ్ఈకే293 కణాల్లో ఎల్‌పీఎస్‌ను గుర్తుపట్టే టీఎల్ఆర్4 లేదు కాబట్టి వాటిలో ఆ తేడా బయటపడదు. మరిగించి చూడటం ఒక తేలిక పరీక్ష. మరిగిస్తే ప్రోటీన్ టాక్సిన్ చస్తుంది, ఎల్‌పీఎస్ చావదు. ఎస్‌టీఏ కూడా వేడికి చావదు గనుక దానికి ఈ పరీక్ష పనికిరాదు.

కొలత పద్ధతి దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ‘టాక్సిన్ ఎంజైము పనిని 60 శాతం తగ్గించింది’ అన్న తరహా వాక్యాలు ఎక్కువగా ఎంటీటీ పరీక్ష నుంచి వస్తాయి. పసుపు రంగును బతికున్న కణాల డీహైడ్రోజినేజ్‌లు ఊదాగా మార్చడమే ఆ పరీక్ష. కణాలు సగం చచ్చినా, అన్నీ బతికుండి జీవక్రియ సగానికి పడిపోయినా రంగు ఒకేలా పడుతుంది. పక్కనే కణం చిరిగితే బయటపడే ఎల్‌డీహెచ్ ఎంజైము కారిందేమో చూడాలి, ప్రోటీన్ మొత్తం తూయాలి, తలలు లెక్కపెట్టాలి. ఇవి లేని ఫలితాన్ని ఎంజైము ఫలితంగా తీసుకోకూడదు.

కణం ఎవరిదన్న ప్రశ్న అన్నిటికంటే ఇబ్బందికరం. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనేక మనిషి కణ వరసలు నిజానికి హీలానే అని చూపి సభను బిత్తరపోయేలా చేశాడు. పేగు కణాలని టాక్సిన్ పరీక్షలకు విరివిగా వాడిన ఇంటెస్టైన్-407, గొంతు కణాలని వాడిన హెప్-2, కాలేయమని వాడిన చాంగ్ లివర్, అన్నీ హీలానే. అంటే ‘పేగు, కాలేయం రెండింటిలోనూ టాక్సిన్ ఒకేలా పనిచేసింది’ అని రాసినవాళ్లు ఒకే కణాన్ని రెండు పేర్లతో కొలిచారు. ఇది గతం కదా అనుకోవడానికి లేదు. ఆ పేర్లు ఇంకా పత్రాల్లో తిరుగుతూనే ఉన్నాయి. షిగెల్లా క్రిమి వదిలే షిగా టాక్సిన్‌తో ఇంకో చిక్కు. బొడ్డుతాడు రక్తనాళ కణాల మీద అది పెద్దగా పనిచేయదు. అవే కణాలకు ముందుగా టీఎన్ఎఫ్ ఇస్తే వాటి మీద జీబీ3 గ్రాహకం పెరిగి విషానికి లొంగిపోతాయి. శరీరంలో వాపు ఉన్నప్పుడు టీఎన్ఎఫ్ ఎలాగూ ఉంటుంది. శుభ్రమైన పాత్రలో ఉండదు.

మోతాదూ అంతే. డిఫిసైల్ టాక్సిన్ బీని తక్కువ పాళ్లలో పోస్తే పైన చెప్పిన గ్లూకోజ్ పనే చేస్తుంది. పాళ్లు పెంచితే గ్లూకోజ్ అతికించే శక్తి తీసేసిన రూపం కూడా కణాన్ని చంపేస్తుందని 2012లో తేలింది. ఆ చావు కణంలోని ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ రెచ్చిపోవడం వల్ల వస్తోంది. అదే టాక్సిన్ ఒక మోతాదులో ఒక ఎంజైమును అణిచి, ఇంకో మోతాదులో మరో ఎంజైమును లేపింది. రోగి పేగులో నడుస్తున్నది ఈ రెండింటిలో ఏదన్నది ఇంకా వాదనలోనే ఉంది.

అయినా సరైన కణాన్ని ఎంచుకున్న చోట లాభం కళ్లకు కడుతోంది. బొటాక్స్ ఒక్కో బ్యాచ్ బలం తేల్చడానికి ఎలుకలకు ఎక్కించి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టేవారు. ఆ విషం నరాల్లో కోసేది స్నాప్-25 అనే ప్రోటీన్‌ను. సిమా అనే మనిషి న్యూరోబ్లాస్టోమా కణాల్లో ఎంత స్నాప్-25 తెగిందో కొలిస్తే సరిపోతుందని తయారీదారు అలెర్గన్ చూపింది. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది.

పేగు విషాలకు ఇలాంటి కణం కోసం ఇప్పుడు అందరి చూపు ఆర్గనాయిడ్ల మీద, అంటే పాత్రలో పెంచే బుల్లి అవయవ నమూనాల మీద ఉంది. 2016లో టాక్సిన్ బీకి గ్రాహకం ఏదో వెతికిన జట్టు మొదట హీలా కణాల్లో జన్యువులను ఒక్కొక్కటే పీకి చూసింది. ఫ్రిజిల్డ్ అనే ప్రోటీన్లు తేలాయి. హీలా మాట ఒక్కటే నమ్మకుండా, ఫ్రిజిల్డ్ జన్యువుల్లో ఒకటి తీసేసిన ఎలుకల పెద్దపేగు ఆర్గనాయిడ్లలో ఇంకో రెండింటిని అణిచి మళ్లీ చూసింది. అవి విషాన్ని ఎక్కువగా తట్టుకున్నాయి. మనిషి ఆర్గనాయిడ్లకు దాతను బట్టి ఫలితం మారుతుంది, పెంపకానికి ఖర్చూ ఎక్కువే, పైగా గ్రాహకాలు చాలావరకు లోపలి తిత్తి వైపు తిరిగి ఉంటాయి కాబట్టి విషాన్ని సూదితో లోపలికి ఎక్కించాలి, లేదా ఆర్గనాయిడ్‌ను విప్పి పలుచగా పరచాలి. ఈ తంటాలు పడలేకే చాలా ప్రయోగశాలలు ఇంకా క్యాకో-2, టీ84 అనే పెద్దపేగు కణితి కణాలతోనే నెట్టుకొస్తున్నాయి.